తాడు చివరి మనిషి

8 నవంబరు 1996, శుక్రవారం

ఈ డైరీ జనవరిలో మండలాఫీసులో ఇచ్చారు. అట్ట మీద 'సర్పంచ్ గారికి' అని రాసి ఉంటే మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాను. పది నెలలూ ఒక్క ముక్క రాయలేదు. రాయడానికి ఏముంది? సంతకం పెట్టమన్నచోట పెట్టడం, మీటింగుకి వెళితే "పెద్దిరాజుగారు రాలేదా అండీ?" అని మా ఆయన కోసం నా భుజం మీదుగా తొంగిచూస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం. అంతేగా.

ఇవాళ చెయ్యి ఆగడం లేదు.

మొన్న బుధవారం గాలికి ఊరు ఊరులా లేదు. మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. స్కూలు రేకులు ఎవరి చేలోనో తేలాయి. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. చివరిపేటలో గోడ కూలి ఇద్దరు పోయారు, బంగారరాజు తల్లి, ఆవిడ చెల్లెలు. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు వచ్చి చెబుతున్న పోయినవాళ్ళ లెక్క గంటగంటకీ పెరుగుతోంది. దేశమంతా రేడియోలో మన కోనసీమ పేరే చెబుతున్నారట.

నిన్నంతా మోకాల్లోతు నీళ్ళలో తిరిగాను. "సర్పంచ్ గారూ, ఇటు రండి", "సర్పంచ్ గారూ, మా ఇల్లు చూడండి". మా ఆయన పక్కనే ఉన్నా నన్నే పిలిచారు. ఇంత కష్టంలో ఇలా రాయకూడదు గానీ, ఇది ఎవరు చదువుతారు? నాకు బాగుంది.

మధ్యాహ్నం ఆనందరావుగారు వచ్చారు. మండలంలో పార్టీ అంటే ఆయనే. స్కూటరు వంతెన దగ్గర వదిలేసి, ప్యాంటు మడుచుకుని బురదలో నడిచొచ్చారు. ఢిల్లీ నుంచి కేంద్రమంత్రి వస్తున్నారట. అమలాపురంలో దిగి, కారులో మన కాలవగట్టు మీదుగానే ముమ్మిడివరం వైపు వెళతారట. సోమవారం. మన ఊళ్ళో ఆగుతారట!

"ఎక్కడ పడ్డయి అక్కడే ఉంచాలండి భవానిగారూ. చెట్టు కదపకూడదు, రేకు తీయకూడదు. మీరు శుభ్రంగా సర్దేసుకుంటే ఆయనొచ్చి ఏం చూత్తారండి? ఈ ఊరికేం కాలేదనుకుని వెళ్ళిపోతారు" అన్నారు.

నిజమే కదా. ఎంత, మూడు రోజులు.

చివరిపేటకి తుఫాను షెల్టరు అడుగుతాను. గట్టి డాబా, మెట్లతో. నేనే మాట్లాడతాను. మా ఆయన కాదు, నేను.

9 శనివారం

ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ "ఆయ్" అన్నారు. తులసి ఒక్కతే అనలేదు.

తులసి తోట కాలవగట్టుని ఆనుకునే ఉంది. కువైట్‌లో ఐదేళ్ళు ఇళ్ళల్లో పనిచేసి, తొంభైలో అక్కడ యుద్ధం వస్తే కట్టుబట్టలతో తిరిగొచ్చింది. అంతకుముందు పంపిన డబ్బుతో కొన్న ఆ నేల ముక్క ఒక్కటే మిగిలింది. మొగుడు ఎప్పుడో పోయాడు. ఇరవై ఆరు కొబ్బరిమొక్కలు వేసి, కాలవలోంచి బిందెలతో నీళ్ళు మోసి పెంచింది. ఈ ఏడే తొలి గెలలు వేశాయి. ఇప్పుడు ఇరవై ఆరూ ఒకే వైపుకి వాలిపోయి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి దణ్ణం పెడుతున్నట్టున్నాయి.

నేను వెళ్ళేసరికి సీమోను భుజాన తాడు వేసుకుని అక్కడే ఉన్నాడు. మా ఊళ్ళో చెట్లెక్కి కొబ్బరి దింపులన్నీ తీసేది అతనే. కొబ్బరిచెట్టు సంగతి అతను చెబితే ఇక ఎవరూ మాట్లాడరు.

"పెద్దచెట్లు విరిగిపోయేయండి, వాటికి చేసేదేం లేదు. ఇయి లేతయి, వాలేయంతే. ఓ పక్క వేళ్ళు ఇంకా నేలలోనే ఉన్నాయండి. నలుగురం తాడేసి లాగి, మొదట్లో మట్టి తొక్కి, వెదురు ఊతం పెడితే బతికేత్తాయి. కానీ వేరు ఎండకముందే లేపాలండి. నాలుగైదు రోజులు. ఆపైన లేపినా లాభం లేదండి" అన్నాడు.

"సోమవారం మంత్రిగారు చూడగానే లేపుదువుగాని" అన్నాను.

"పెద్దచెట్లు బోలెడు పడ్డాయి కదక్కా, అయి చూపిద్దాం. ఇయి నేను లేపుకుంటాను" అంది తులసి.

"రోడ్డు మీదికి కనపడేది నీ తోటే కదా తులసీ. నీ ఒక్కదాని కోసం కాదు, ఊరందరి కోసం."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత బాగా పలికిందో! సోమవారం కూడా అచ్చం అలాగే పలకాలి.

"సోమారం ఖాయమేనా అక్కా?"

"ఖాయం."

సీమోను తాడు మళ్ళీ చుట్టుకున్నాడు.

10 ఆదివారం

దీపావళి. ఊళ్ళో ఎవరూ దీపం పెట్టలేదు.

మా ఆయన సీమోనుని పిలిచి మా దొడ్లో వాలిన ఆరు చెట్లూ లేపించేశారు. ముందు నలుగురు తాడు పట్టుకుని లాగుతారు. అన్నిటికంటే చివరి మనిషి మాత్రం తాడు కొసని నడుముకి రెండు చుట్లు చుట్టి ముడేసుకోవాలట. ముందువాళ్ళ చేతులు జారినా చెట్టు వెనక్కి పడిపోకుండా అతను ఆపుతాడట. మా ఆయనే చివర నిలబడ్డారు. నడుముకి తాడుతో, వెనక్కి వాలి, మొహం ఎర్రగా చేసుకుని. నవ్వాపుకోలేక "గుంజకి కట్టేసిన గేదెలా ఉన్నారండీ" అన్నాను. "గేదె నయమే, దానికి మంత్రులు రారు" అన్నారు.

మా దొడ్డి రోడ్డు మీదికి కనపడదు. కనపడదు కదా.

11 సోమవారం

ఏం కట్టుకోవాలని అరగంట ఆలోచించాను. కష్టంలో ఉన్న ఊరి సర్పంచ్ మెరిసే చీర కట్టకూడదు. మరీ పాతది కడితే ఫొటోలో బాగోదు. చివరికి నీలం అంచు తెల్ల నేతచీర తీశాను.

పొద్దున్న ఎనిమిది నుంచి మూడు దాకా గట్టు మీద నిలబడ్డాం. మూడు దాటాక హెలికాప్టర్ వచ్చింది! మన మీదుగానే! ఎంత కిందుగా అంటే ఎవరివో రెండు తలలు కూడా కనిపించాయి. అందరం చేతులు ఊపాం. ఊపకూడదేమో, మేం కష్టంలో ఉన్నవాళ్ళం కదా. కానీ ఊపాం. ఒళ్ళంతా పులకరించింది.

అది పైనుంచి చూడడమేనట. కారులో వచ్చేది బుధవారమట. ఖాయమట.

తులసి చెట్ల మొదళ్ళకి తడిగోనెలు కప్పుకుంటానంది. కప్పుకోమన్నాను. గోనెలు రోడ్డు మీదికి అంతగా తెలియవు.

12 మంగళవారం

"గౌరవనీయులైన కేంద్రమంత్రివర్యులకు, మా గ్రామ ప్రజలందరి తరఫునా..." ఇక్కడిదాకా బ్రహ్మాండంగా వస్తోంది. తరవాత చివరిపేటలో పోయిన ఇద్దరి పేర్లు చెప్పాలి. అక్కడ ఆగి, ఒక్క క్షణం తల దించుకోవాలి. రుబ్బురోలు ముందు నిలబడి నాలుగుసార్లు చెప్పాను. మా ఆయన గుమ్మంలోంచి విని, "తల దించుకోవడం కూడా నేర్చుకుంటున్నావా?" అన్నారు.

ఆయనకి కుళ్ళు.

13 బుధవారం

రాలేదు. ఢిల్లీలో ఏదో అర్జెంటు పని పడిందట.

సాయంత్రం తులసి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. మా దొడ్లో ఊతాలతో నిలబడ్డ ఆరు చెట్లూ అక్కణ్ణించి కనిపిస్తాయి. వాటికేసి చాలాసేపు చూసింది.

"ఇవాళ్టికి ఏడు రోజులైందక్కా. ఇంకా తలలో మొవ్వులు పచ్చగానే ఉన్నాయి. సగమైనా లేపుకోనా? సగం మీకు ఉంచేత్తాను."

నాకు కోపం వచ్చింది. 'మీకు' ఏమిటి? నాకోసం అడుగుతున్నానా నేను? చివరిపేట పిల్లల కోసం కాదూ?

"సగం నిలబడి, సగం పడితే ఏమనుకుంటారు తులసీ? నువ్వే నరికి పడేశావనుకుంటారు. ఇన్ని రోజులు ఆగి ఇప్పుడు లేపితే, ఆగిందంతా వృథా కాదా?"

తులసి ఆలోచించింది. "ఆయ్. అదీ నిజమే" అంది. పాపం, మంచి మనిషి. ఎదుటివాళ్ళ మాట కాదనలేదు.

14 గురువారం

రాలేదు.

15 శుక్రవారం

ఆదివారం! ఈసారి నిజంగానే! జీపులో ముందు మనుషులు వచ్చేశారు. రోడ్డు గుంతల్లో ఇసుక పోశారు. బ్లీచింగ్ పౌడరు ముగ్గులా చల్లారు. మంత్రిగారి మనిషి, మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన కలిసి తులసి తోటంతా నడిచి, రోడ్డు పక్కన మూడో చెట్టు దగ్గర ఆగారు. మంత్రిగారు స్వయంగా తాడు పట్టుకుని ఆ చెట్టు లేపుతారట. కూలిన కోనసీమని నిలబెడుతున్నట్టు. ఎంత బాగా ఆలోచించారు! తాడు కొత్తది ఉండాలట, తెల్లగా.

ఆయన వెనక ఎమ్మెల్యేగారు, ఆయన వెనక నేను. నేనే! ఆనందరావుగారు నా వెనక.

"మరి చివర ఎవరుంటారండి?" అన్నాడు సీమోను.

"చివర నువ్వే ఉండు" అన్నాను.

"ఉంటానండి. ఈ ఒక్క చెట్టయినా లేత్తే మంచిదే. కానీ తొమ్మిది రోజులైపోయిందండి" అన్నాడు. ఇతనికి ఎప్పుడూ లెక్కలే.

17 ఆదివారం

వచ్చారు!!

పదకొండూ ఇరవైకి. ఎన్ని కార్లో లెక్కపెట్టలేకపోయాను. తెల్లబట్టలు, నల్లకళ్ళద్దాలు. దిగగానే కళ్ళద్దాలు తీసేశారు, అది నాకు నచ్చింది. దణ్ణం పెట్టాను. నా వైపు చూసి తలూపారు. నా వైపే! ఆయన దగ్గర అత్తరు వాసన. నా ప్రసంగం చెప్పడానికి వ్యవధి లేదన్నారు. పోనీ, అర్జీ అయితే ఇచ్చాను. నా చేత్తో, ఆయన చేతికి. "చివరిపేట, షెల్టర్" అన్నాను. ఆయన ఏదో అన్నారు, పక్కనాయన "పరిశీలిస్తామంటున్నారు" అని చెప్పాడు. కెమెరాలు టకటకా కొట్టాయి. మొత్తం ఆరు నిమిషాలు ఉన్నారు. పక్క ఊళ్ళో అసలు ఆగనేలేదు.

బంగారరాజు వచ్చి "మా అమ్మ పేరు ఆయనకి చెప్పేరా అండీ?" అని అడిగాడు. అర్జీలో ఉందన్నాను.

తాడు సంగతి తరవాత రాస్తాను. ఇవాళ్టికి ఈ సంతోషం చాలు.

18 సోమవారం

పేపర్లో పడింది! జిల్లా పేజీలో, పైన, ఇంత పెద్దది! మంత్రిగారు తాడు లాగుతున్నారు, వెనక ఎమ్మెల్యేగారు, ఆ వెనక నా మొహం సగం, నా చెయ్యి పూర్తిగా. గాజులతో సహా తెలుస్తోంది. ముందు తులసి కూడా ఉందిలే. కింద 'చేయి చేయి కలిపి' అని రాశారు. ఆనందరావుగారు ఆరు కాపీలు పంపారు. మండలాఫీసులో గుమాస్తా లేచి నిలబడి "భవానిగారూ, కూచోండి" అన్నాడు. మా ఆయన గురించి అడగనే లేదు!

ఇంటికొచ్చి పేపరు మా ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూసి, "బాగుంది. తరవాత ఆ చెట్టేమైంది?" అన్నారు.

"గాలికి పడిపోయింది" అన్నాను.

నిన్న గాలి లేదు.

తులసి అరచేతులు ఏదో గీసుకున్నాయట. సీమోను భార్య పసుపు కట్టిందట.

19 మంగళవారం

తోటల ఆఫీసరు వచ్చాడు, కుర్రాడే. తులసి తోటలో ఒక్కో చెట్టు మొవ్వూ పట్టుకుని లాగి చూశాడు. చాలావాటికి చేతిలోకి ఊడొచ్చేసింది, కుళ్ళు వాసనతో.

"ఇవి మొదటి వారంలోనే లేపాల్సిందండి. ఇరవై అయినా బతికేవి. ఎందుకు లేపుకోలేదమ్మా?" అన్నాడు తులసితో.

తులసి నన్ను చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు. "మనుషులు దొరకలేదండి" అంది.

ఇంకో నాలుగింటికి ప్రాణం ఉంది, ప్రయత్నించొచ్చు అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఈసారి నేర్చుకోకుండానే వచ్చింది.

20 బుధవారం

పేపరు గోడకి అంటించాను. తీసేశాను. మళ్ళీ అంటించాను.

21 గురువారం

తాడు సంగతి రాస్తున్నాను.

అందరం వరసలో నిలబడ్డాం. చివర సీమోను తాడు నడుముకి చుట్టుకుంటున్నాడు. కెమెరా ఆయన చెయ్యి ఊపి, "ఆ వెనక తువ్వాలు కట్టుకున్నతను తప్పుకోవాలి, ఫ్రేములోకి వస్తున్నాడు" అన్నాడు. సీమోను నా వైపు చూశాడు. నేను "తప్పుకో" అన్నాను. అతను చుట్టు విప్పుకుని పక్కకి వెళ్ళాడు.

మంత్రిగారు చెట్టు ఎవరిదని అడిగారు. ఎవరో చెప్పేలోపు తులసి ముందుకొచ్చి హిందీలో మాట్లాడింది. కువైట్‌లో తోటి పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ. గడగడా. ఆయన మొహం వెలిగిపోయింది. రోజంతా పక్కవాడి నోటితో వింటున్న మనిషి కదా. తులసిని తన ముందు నిలబడి తాడు పట్టుకోమన్నారు. నవ్వుతూ ఇంకా ఏదో అడిగారు, తను చెప్పింది. కెమెరాలన్నీ వాళ్ళిద్దరి మీదే. నేను ఇన్ని రోజులు రుబ్బురోలికి చెప్పిన ప్రసంగం నా గొంతులోనే ఉండిపోయింది.

లాగాం. చెట్టు లేచింది. నిజంగా లేచింది, ముప్పాతిక దాకా. తులసి వెనక్కి తిరిగి హిందీలో ఒక మాట, మాకోసం తెలుగులో అదే మాట అంది: "వదలకండి, మట్టి తొక్కేదాకా వదలకండి."

ఫొటో తీశారు. మంత్రిగారు తులసితోనే మాట్లాడుతున్నారు. ఇంకొక్క నిమిషం అయితే షెల్టరూ తనే అడిగేస్తుందేమో అనిపించింది. అడిగితే ఏం? ఊరికి వచ్చేది ఎవరు అడిగినా ఊరికే కదా? అప్పుడు నాకు అలా అనిపించలేదు. నా బొడ్డున ఉన్న అర్జీ తీసి, ఆయన ముందుకి వెళ్ళిపోయాను.

అంటే, తాడు వదిలేశాను. అందరికంటే ముందు నేనే వదిలాను.

అర్జీ తీసుకోవడానికి ఆయన వదిలారు. ఆయన వదిలారని ఎమ్మెల్యేగారు, ఆనందరావుగారు వదిలారు. చివర ఎవరూ లేరు. తులసి వదల్లేదు. చెట్టు తనని నాలుగడుగులు ఈడ్చుకుపోయింది. వెనకాల ఫెళ్ళుమని చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. నేను "చివరిపేట, షెల్టర్" అంటున్నాను, కెమెరా నా వైపు తిరిగింది, నేను నవ్వాను కూడా.

రాసేశాను. పేపరు చింపేశాను.

22 శుక్రవారం

పొద్దున్నే తులసి తోటకి వెళ్ళాను. మా ఆయన, సీమోను, బంగారరాజు, తులసి అప్పటికే ఉన్నారు. ప్రాణమున్న నాలుగింటిలో మొదటి చెట్టుకి తాడు వేస్తున్నారు. మా ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశారు.

"నేనూ పడతాను" అన్నాను.

మా ఆయన భూమికేసి చూస్తున్నారు.

"ఎక్కడ పట్టుకోను తులసీ?"

"మీ ఇట్టమండి సర్పంచ్ గారూ" అంది తులసి.

పెళ్ళై ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి నన్ను అక్కా అనే పిలిచేది. అందరూ సర్పంచ్ గారూ అని పిలవాలని ఎంత కోరుకున్నాను! ఈ ఒక్క నోట వద్దనిపించింది.

వెళ్ళి చివర నిలబడ్డాను. తాడు కొస చేతిలోకి తీసుకున్నాను. తులసి వచ్చింది. పసుపుగుడ్డలు కట్టిన చేతులతో నా చేతిలోంచి కొస లాక్కుని, నా నడుముకి చుట్టింది. ఒక చుట్టు. రెండు. ముడి వేసింది. ముడి గట్టిదో కాదో లాగి చూసి, ఇంకో ముడి వేసింది. తల ఎత్తి నా మొహం చూడలేదు. సీమోను "ఆయ్, లాగండి" అన్నాడు.

ఎంత బరువు! మా ఆయన్ని చూసి నవ్వినందుకు సిగ్గేసింది. మడమలు బురదలో దిగిపోయాయి, ఊపిరి ఆడడం లేదు, కానీ చెట్టు లేస్తోంది, లేస్తోంది! నాకు అరవాలనిపించింది. హెలికాప్టర్ చూసినప్పుడు కూడా ఇలా లేదు.

సరిగ్గా అప్పుడే గట్టు మీద స్కూటరు ఆగింది.

"భవానిగారూ! ఓసారి ఇలా రండి! రేపు అవతల పార్టీవాళ్ళ పెద్దాయన వత్తన్నారంట. ఆయన రాకముందే మనం రోడ్డు మీద బియ్యం పంచాలండి. పేపరువాళ్ళు వచ్చేసేరు, వంతెన దగ్గరున్నారు, రండి!"

రాయాలి. ఇది కూడా రాయాలి. నా కాళ్ళు కదిలాయి. నేను కదపలేదు, అవే కదిలాయి, వరసలోంచి పక్కకి, గట్టు వైపు రెండడుగులు. చెయ్యి జుట్టు సవరించుకోవడానికి పైకి లేచింది.

నడుము దగ్గర తాడు బిగిసి ఆపింది. వెనక్కి చూశాను. చెట్టు కొంచెం వంగింది, అంతే. తులసి తాడు పట్టుకునే, తల తిప్పి, మొదటిసారి నా మొహంలోకి చూస్తోంది.

"నేను రాలేనండి ఆనందరావుగారూ! నన్ను కట్టేసేరు!" అని అరిచాను.

మడమలు మళ్ళీ బురదలో దింపి వెనక్కి వాలాను. సీమోను మట్టి తొక్కడం మొదలుపెట్టాడు.